అమ్మ గొంతు కొలతకు ఒక బేస్ గిటార్

మా అమ్మది బొంగురు గొంతు కాదు. ఆ మాట అన్నవాళ్లతో చిన్నప్పటి నుంచి గొడవ పడుతూనే ఉన్నాను, ఇకముందూ పడతాను. బొంగురంటే జలుబు చేసిన గొంతు. అమ్మది కింది గొంతు, అంతే. ఫోన్ ఎత్తి "ఎవరూ" అంటే అవతలివాళ్లు "సార్, మేడంకు ఇస్తారా" అనేవాళ్లు. "మేడమే మాట్లాడతాండేది, చెప్పు" అనేది అమ్మ, ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా. చిన్నబుచ్చుకునే పని ఆమె బదులు నేను చూసుకునేదాన్ని.

జమ్మలమడుగులో మా ఇంట్లో పొయ్యి పక్కన గోడకు స్టీలు స్టాండు ఉంది. అమ్మ జొన్నరొట్టెలు తడుతూ పాడుకునేది. ఆమెకు ఇష్టమైన పాట ఒకటుంది. అందులో ఒకచోట గొంతు బాగా అడుగుకు దిగుతుంది. సరిగ్గా అక్కడికి రాగానే స్టాండులో పళ్లేలు జుయ్యిమని వణికేవి. నేనూ తమ్ముడూ ఆ చోటు కోసం రొట్టె చేతిలో పట్టుకుని కాచుకునేవాళ్లం. "పళ్లేలు పాడినాయి" అని వాడు నవ్వేవాడు.

చర్చిలో మాత్రం ఆ గొంతుకు చోటు లేదు. క్వయర్ నడిపే ఆయన అప్పట్లో కొత్తగా బడిలో ఉద్యోగం వచ్చిన మనిషి, ఇప్పుడు రిటైరైన పెద్దమనిషి. అమ్మను అక్కా అని పిలిచేవాడు కాబట్టి మాకు మామ. ఆయనకొక అలవాటుంది. ఎవరి గొంతైనా మిగతావాళ్లను దాటి పోతే అరచెయ్యి బోర్లించి కిందికి నొక్కుతాడు, పొంగే పాల మీద మూత పెట్టినట్టు. ఆ చెయ్యి ఎక్కువగా మా అమ్మ వైపే ఉండేది.

"రోంత తగ్గించక్కా. ఆడోళ్ల వరుసలో మగ గొంతు వినపడతాంది."

అమ్మ తగ్గించింది. చాలదన్నాడు. వెనక వరుసకు పంపాడు. అక్కడా వినపడిందట. చివరికి ఒక ఆదివారం, "పెదాలు కదిలించక్కా, చాలు. పాడినట్టే ఉంటాది" అన్నాడు. ఆ రోజు నుంచి పోయేదాకా మా అమ్మ చర్చిలో పెదాలే కదిలించింది. నాకు ఒళ్లు మండి, ఎందుకు ఊరుకున్నావని అడిగితే, "దేవుని ఇంట్లో కొట్లాట ఎందుకు పాపా, ఇంట్లో పాడుకుంటాండా కదా" అంది. ఆ జవాబుకు నేనింతవరకు ఒప్పుకోలేదు. ఆయన మీద ఎంత కోపముందో అమ్మ మీదా అంతే ఉంది. చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

మొన్నటి వానాకాలంలో అమ్మ పోయింది. పోయినాక ఆమె గొంతు వినాలనిపించి ఫోన్లన్నీ వెతికాం. చర్చివాళ్లు పెట్టిన వీడియోలు ఎన్నో ఉన్నాయి. అన్నింట్లోనూ వెనక వరుసలో తెల్లచీర కట్టుకుని అమ్మ ఉంది, పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం లేదు. తమ్ముడు ఫోన్ బోర్లించి బయటికి వెళ్లిపోయాడు.

మా చర్చిలో ఒక పద్ధతుంది. ఈస్టర్ తెల్లవారుజామున క్వయర్ సమాధుల తోటకు వెళ్తుంది. ఆ ఏడాది పోయినవాళ్ల సమాధి దగ్గర ఆగి, ఇంటివాళ్లు కోరిన పాట ఒకసారి పాడుతుంది. ఆ ఒక్కసారే. మరుసటి ఏడు కొత్తగా పోయినవాళ్ల వంతు వస్తుంది. అమ్మ పాట ఏదో మాకు తెలుసు. అందులో ఆ అడుగు స్వరం ఆ పొద్దు ఆ సమాధి దగ్గర అందరికీ వినపడాలని నేను పట్టుబట్టాను. నా గొంతు సన్నం, దిగదు. అందుకే బేస్ గిటార్ అనుకున్నాను.

చర్చిలో కరెంటు బేస్ ఒకటుంది. కానీ దాని గొంతు డబ్బా స్పీకర్‌లో ఉంటుంది, స్పీకర్ బటన్ మామ చేతిలో ఉంటుంది. అది నాకొద్దు. కరెంటు లేకుండా, దాని కడుపుతో అదే పలికేది కావాలి. కొనేది కాదు, చేసేది. చేయడం మాకు వచ్చు.

నేను ప్రొద్దుటూరులో టైలర్‌ని. గుడ్డల అంగళ్ల సందుల్లో నా కొట్టు, జాకెట్లు కుడతాను. చాపాడు దారిలో తమ్ముడికి ఫైబర్ షెడ్డు ఉంది, నీళ్ల తొట్లు, బాత్‌రూం తలుపులు చేస్తాడు. ఒక ఎండాకాలం వాడి దోస్తు గిటార్ వెనకచెక్క అతుకు విడిచి నోరు తెరిచింది. మా ఎండకు కొయ్య గిటార్ల గతి అంతే. జిగురు కరుగుతుంది, తీగలు కట్టే చెక్క లేస్తుంది, కడుపు ఉబ్బుతుంది. వాడు దానికి ఫైబర్ గుడ్డ వేసి రెసిన్ జిగురు పూసి అతికిస్తే ముందుకన్నా గట్టిగా పలికింది. ఇక వాడికి పిచ్చి పట్టింది. మొత్తం గిటారే ఫైబర్‌తో చేస్తానని అచ్చు కట్టాడు.

కానీ గుడ్డ మాట వినలేదు. గిటార్ నడుము దగ్గర లోపలికి తిరిగే వంపు ఉంది కదా, అక్కడ ముడతలు పడేవి. ముడతలో రెసిన్ చేరి గట్టు కట్టేది. ముడత పడిన చోట కత్తిరిస్తే బలం పోయేది. నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, గుడ్డ సంగతి నీకే తెలుసు. ఒకసారి రా."

పోయి చూశాను. నిలువు పోగు నిలువునా పెట్టి పరుస్తున్నాడు, దుప్పటి పరిచినట్టు. "క్రాస్ జాకెట్టు ఎట్ల కుడతారో చూసినావా ఎప్పుడన్నా? గుడ్డను ఐమూలగా తిప్పి కత్తిరిస్తే ఒంటికి తగ్గట్టు సాగుతాది, టక్కు పెట్టే పని ఉండదు" అన్నాను. ఐమూలగా కత్తిరించి వేశాను. నడుము మీద తడి గుడ్డలా కూర్చుంది, ఒక్క ముడత లేదు. తమ్ముడు బ్రష్షు కింద పెట్టి, "ఇన్ని దినాలు ఈ జాకెట్ల బుద్ధి నాకు లేకపాయె" అన్నాడు. ఆ రోజు నుంచి గుడ్డ నాది, రెసిన్ వాడిది. ఫైబర్ నూగు ఒంటికి తగిలితే దురదగొండి రుద్దినట్టే ఉంటుంది. ఎన్నిసార్లు స్నానం చేసినా పోదు. అయినా ఆ పని వదల్లేదు.

అట్లా కొన్ని గిటార్లు చేశాం. ప్రొద్దుటూరులో కొందరు "తొట్టి గిటార్" అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. పులివెందులలో మైక్ సెట్ అంగడి ఉన్న ఒక భాయ్ పెళ్లి ఆర్కెస్ట్రాల కోసం మా దగ్గర తీసుకున్నాడు. నెల తిరక్కముందే ఫోన్ చేశాడు. ఏదో విరిగిందనే అనుకున్నాను.

"ఏం విరగల్యా అక్కా. శబ్దం ఎక్కువుంది. మైకు లేకుండానే పందిట్లో అందరికీ వినపడతాంటే నా పొయ్యి మీద ఎసరు ఎట్ల పెట్టుకునేది?"

అంటూనే ఇంకొకటి కావాలన్నాడు. అమ్మకు బేస్ చేస్తున్నానని చెబితే ఆ మనిషే పులివెందులకు పిలిపించి లావు తీగలు, బిగించే మరలు వెతికి ఇచ్చాడు. "ఈ తీగలు లాగితే మామూలు మెడ విల్లు మాదిరి వంగుతాది, జాగ్రత్త" అన్నాడు. అందుకని మెడలో కార్బన్ గొట్టం పెట్టాం. వేళ్లు నొక్కే పట్టీకి స్విచ్‌బోర్డులకు వాడే గట్టి నల్ల షీటు కోసి అంటించాం.

మొదటి బేస్ చేయడానికి చలికాలమంతా పట్టింది. చూడ్డానికి ఎంత బాగుందో. తీసుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. బస్సులో ఒకాయన అది చూసి "ఏందమ్మా, శవప్యాటికా" అన్నాడు. "కాదప్పా, మా అమ్మ గొంతు" అన్నాను. ఇంటి తాళం తీసి పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని అమ్మ పాటలో ఆ చోటు వాయించాను. పళ్లేలు కదల్లేదు. కిందికి పైకి తిప్పి వాయించాను. అయినా కదల్లేదు.

అమ్మ గొంతుకు నా దగ్గరున్న కొలత ఆ పళ్లేలు ఒక్కటే. రికార్డింగ్ లేదు, సరిగమలు రాసుకున్నది లేదు. అవి వణికితే అది అమ్మ గొంతు, వణక్కపోతే కాదు. ఇంకెవరేం చెప్పినా వినదల్చుకోలేదు. స్టాండు కింద ఆ పీట మీదే కూర్చుని కాసేపు ఏడ్చి, తిరుగు బస్సెక్కాను.

తమ్ముడు నా మొహం చూసి, "ఆడలేక మద్దెల ఓడంటారు. మన మద్దెల నిజంగానే ఓడే అక్కా" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. ఇద్దరం కూర్చుని తప్పెక్కడుందో ఆలోచించాం. ముందుపలక మీద గుడ్డ వరుసలు ఎక్కువ వేశాను. భయంతో వేశాను, తీగల లాగుడుకు పగులుతుందేమోనని. లైనింగు ఎక్కువైన జాకెట్టులో మనిషికి ఊపిరాడదు. దీనికీ అంతే. కడుపు కూడా పల్చన, గాలికి చోటు చాలదు. కడుపు లోతుగా, ముందుపలక పల్చగా చేయాలి. పల్చగా ఉండి పగలకూడదంటే ఫైబర్‌కన్నా గట్టిదైన కార్బన్ గుడ్డ కావాలి.

కార్బన్ గుడ్డ బెంగళూరు నుంచి తెప్పించాం. నల్లగా, నేతలో నేత మెరుస్తూ ఉంటుంది. ఎన్నో పట్టుచీరల జాకెట్ల మీద కత్తెర పెట్టిన చెయ్యి నాది, ఆ గుడ్డ మీద మాత్రం రెండుసార్లు కొలిచాకే కత్తెర పెట్టాను. ముందుపలక వేయడానికి బల్ల సమంగా ఉండాలి. చిలమకూరు పక్క పాలిషు పట్టించి తెచ్చిన నల్ల కడప బండ ఉంది షెడ్డు ముందర. అద్దమంత నున్నన. దానికి మైనం పూసి, దాని మీద గుడ్డ పరిచి రెసిన్ తాపితే పలక నున్నగా ఊడి వస్తుంది.

ఫిబ్రవరి దాటితే ఈ సీమలో ఎండ మొదలు. బండ వేడెక్కితే రెసిన్ పరవకముందే గడ్డ కడుతుంది, గిన్నెలోనే పొగలొస్తాయి. అందుకని ముందురోజు సాయంత్రం నేనొక పని చేశాను. మిద్దె మీద పడుకోబోయే ముందు ఇక్కడ అందరం చేసేదే. బకెట్ నీళ్లు తెచ్చి బండ మీద పోశాను. చుయ్యిమంది. ఇంకో బకెట్ పోశాను, మళ్లీ చుయ్యిమంది. పొద్దున్నే బట్టతో తుడిచి, చల్లగా ఉందని మురిసి, మైనం పూసి గుడ్డ పరిచాం. సాయంత్రానికి చూస్తే పలక అంచుల నుంచి నడిమి దాకా తెల్లగా, గంజి పెట్టినట్టు పాలిపోయి ఉంది. వేలు పెడితే జిగట. బండ నీళ్లు తాగింది, రాత్రంతా లోపలుంచుకుంది, రెసిన్ వేశాక మళ్లీ పైకి వదిలింది.

తమ్ముడు తలపట్టుకుని, "వేరే ఊరోళ్లయితే ఈ తప్పు చేయరక్కా. బండకు నీళ్లు పోయాలని వాళ్లకు తెలియదు" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఈస్టర్ దగ్గర పడింది. మళ్లీ తెప్పించేంత వ్యవధి లేదు. మిగిలిన కార్బన్ గుడ్డ పలక అంతటికీ చాలదు. రెండు ముక్కలుగా అయితే చాలుతుంది. జాకెట్టు పీసు తక్కువైతే మేమేం చేస్తాం, వీపు మధ్యలో జోడు వేస్తాం. ఆ జోడు కూడా నేత నేతకు కలిసేలా వేస్తే అది తక్కువతనంలా కనపడదు. అట్లాగే రెండు ముక్కలూ ఐమూలగా కత్తిరించి మధ్యలో కలిపాను. ఈసారి బండను నీళ్లతో కాదు, షెడ్డు లోపలికి లాగి నీడలో పెట్టి, తడిలేని బట్ట కప్పి చల్లార్చాం. పలక ఊడి వచ్చింది. నల్లగా, పల్చగా, మధ్యలో వెన్నెముకలా ఒక గీత. తమ్ముడు రంగు పూద్దామన్నాడు. "అతుకు దాచడమెందుకు, తప్పు చేసినామా" అన్నాను. రంగు పూయలేదు.

మళ్లీ జమ్మలమడుగు, మళ్లీ అదే పీట. ఈసారి తమ్ముడూ వచ్చాడు. తీగ సరిచేసుకుని అమ్మ పాట ఎత్తుకున్నాను. ఒక్కో గిటార్‌ను అమ్మేముందు వాయించి చూస్తాం కాబట్టి నాకా మాత్రం వచ్చు. గొంతు దిగే చోటికి వచ్చాను. స్టాండులో ఒక పళ్లెం జుయ్యిమంది. తర్వాత అన్నీ అందుకున్నాయి. తమ్ముడు స్టాండు దగ్గరికి పోయి పళ్లేలను ముట్టుకోకుండా వాటి మీద చెయ్యి చాపి నిలబడ్డాడు. నేను ఆ ఒక్క చోటే మళ్లీ మళ్లీ వాయించాను. పక్కింటామె వచ్చి తలుపు దగ్గర నిలబడి, "మీయమ్మ రొట్టెలు చేస్తాందేమో అనుకున్యా" అని కళ్లు తుడుచుకుంది.

అదే రోజు సాయంత్రం చర్చి ఆవరణలో మామ దగ్గరికి పోయాం. చుట్టూ నలుగురు పెద్దలు కూర్చుని ఈస్టర్ ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నారు. మామ బేస్‌ను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏందమ్మే ఇది, నీళ్ల తొట్టా?"

"బేసు మామా. ఈస్టర్ పొద్దు అమ్మ పాటకు వాయిస్తా."

"ఆడోళ్లు బేసు వాయించేది యాడన్నా ఉందా? ఉన్నా గానీ, ఇది కొయ్య కాదు. కొయ్య ఒకప్పుడు ప్రాణమున్న చెట్టు, అందుకే పాడతాది. ప్రభువు మోసిన సిలువ దేంది? కొయ్యది కాదా?"

"కొయ్యదే. ఆయన వడ్రంగి కూడా, కాదన్ల్యా. కానీ మన జమ్మలమడుగు ఎండలో అంగడి పెట్టింటే ఆయన కూడా ఫైబరే పట్టుకునుండు మామా."

పెద్దల్లో ఒకాయన దగ్గినట్టు నటించి మొహం తిప్పుకున్నాడు. మామకు కోపమొచ్చింది, మాట మాత్రం జాగ్రత్తగా వదిలాడు.

"చూడు పాపా. పాట ఏందనేది ఇంటోళ్ల ఇష్టం. వాయిద్యాలు క్వయర్ ఇష్టం. అది పద్ధతి. క్వయర్లో ఇది వద్దు."

"సరే మామా. నేను క్వయర్లో లేను కదా. అమ్మ సమాధి పక్కన నిలబడేది ఇంటోళ్లు. ఇంటోళ్ల చేతిలో ఏముండాలో మీ పద్ధతిలో యాడన్నా రాసుందా?"

"కొవ్వొత్తి ఉంటాది."

"కొవ్వొత్తి మా తమ్ముడు పట్టుకుంటాడు" అన్నాను.

ఆయన పెద్దల వైపు తిరిగి ఏర్పాట్ల మాటల్లో పడ్డాడు. అది ఒప్పుకోవడం కాదని నాకు తెలుసు. ఆ పొద్దు పాట మొదలెట్టేది, ముగించేది ఆయన చెయ్యే. తొందరగా ముగించినా ముగించవచ్చు. ఇక ఆ పాట మళ్లీ రాదు.

ఈస్టర్ రోజు తెలతెలవారుతుండగా సమాధుల తోటకు పోయాం. సున్నం కొట్టిన సమాధులు, వాటి మీద పూలు, కొవ్వొత్తులు. అమ్మ సమాధి మీద మేం పరిపించిందీ కడప బండే. నేను దాని అంచున కూర్చుని బేస్ అడుగుభాగం బండకు ఆనించాను. తమ్ముడు కొవ్వొత్తులు తెచ్చిన బిస్కెట్ల రేకు డబ్బా మూత వదులుగా పెట్టి నా పక్కన బండ మీద ఉంచాడు. బ్యాటరీ స్పీకర్ ఉన్న బండిని తోసుకుంటూ క్వయర్ ఒక్కో సమాధి దగ్గర ఆగుతూ వస్తోంది. నేను తీగలు ఇంకోసారి సరిచూసుకున్నాను.

మా వంతు వచ్చింది. మామ నన్ను చూశాడు, బేస్‌ను చూశాడు. పాట ఎత్తించాడు. ఎప్పటిలాగే పై గొంతులకు వీలైన శ్రుతిలో ఎత్తించాడు. ఎత్తుకోనీ. నా పని కిందే. మొదట్లో మెల్లగా, వాళ్లతో పాటే నడిచాను. తర్వాత గొంతు దిగే చోటు వచ్చింది.

వేలు గట్టిగా లాగి వదిలాను. బండ కింద నుంచి నా తొడల్లోకి వచ్చింది ఆ స్వరం. పక్కన రేకు డబ్బా మూత జుయ్యిమని వణికింది. తమ్ముడి చేతి మీద మైనం కారుతోంది, వాడికి తెలియడం లేదు.

"పళ్లేలక్కా" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

వెనక వరుసలో అమ్మ పక్కన నిలబడే ముసలామె పాట ఆపేసి సమాధి వైపు తిరిగింది. తర్వాత ఇంకొకామె తిరిగింది. మామ కూడా తిరిగాడు. ఆయన చెయ్యి లేచింది. అరచెయ్యి బోర్లించి కిందికి నొక్కాడు, అమ్మ వైపు నొక్కిన చెయ్యే.

"రోంత తగ్గించు పాపా."

నేను ఆయన కళ్లలోకి చూస్తూ వాయిస్తూనే ఉన్నాను.

"దీనికి తగ్గించే బటన్ ల్యా మామా. నీకు కష్టమైతే నువ్వు పెదాలు కదిలించు, చాలు. పాడినట్టే ఉంటాది."

రెండో చరణం ఎత్తుకున్నాను.